మనోవర్తి ఆర్డర్ చేతిలో ఉంది, పిల్లలకు పైసలు రావట్లేదు: ఫైల్ ఎట్లా కదపాలి?

కొత్త_సోషల్_వర్కర్

అందరికీ నమస్తే. వరంగల్ వైపు జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో ఫీల్డ్ పని చూస్తున్న. ఒక కేసులో మీ సలహా కావాలి.

తల్లి పరకాల దగ్గర పుట్టింట్ల ఉంటోంది. బాబుకు 9 ఏళ్లు, పాపకు 5. తండ్రి భూపాలపల్లిలో సింగరేణి జనరల్ మజ్దూర్, పర్మినెంట్. పాత సీఆర్పీసీ 125 (భార్యాపిల్లల మనోవర్తి, అంటే పోషణ ఖర్చు ఇప్పించే సెక్షన్) కింద ఫ్యామిలీ కోర్టు ఒక్కో పిల్లకు 3,000 చొప్పున నెలకు 6,000, ప్రతి నెల 10వ తేదీలోపు ఇవ్వాలని ఆర్డర్ వేసింది. మొదట నాలుగు నెలలు ఇచ్చిండు, తర్వాత 14 నెలలుగా రూపాయి లేదు. మధ్యల పెద్దమనుషులు పంచాయితీ పెట్టి వంద రూపాయల బాండు మీద ఇడుపు కాయితం (విడిపోతున్నట్టు ఒప్పందం) రాయించిన్రు. అందులో "లక్షన్నర ముట్టింది, ఇక పిల్లల ఖర్చు అడగను" అని ఉంది. ఆమెకు ముట్టింది 50,000 నగదు మాత్రమే అంటోంది.

ఈ బాండుతో పిల్లల హక్కు పోయినట్టేనా? బాకీ వసూలుకు పిటిషన్ ఎక్కడ వేయాలి? కోర్టులో తేలేదాకా పిల్లలకు మన వైపు నుంచి ఏం ఇప్పించొచ్చు?

ఓరుగల్లు_వకీలు

మేడమ్, ముందు క్యాలెండర్ తీయండి. మిగతావన్నీ ఆ తర్వాత.

ఏ నెల బాకీ అయినా అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే ఈ సెక్షన్ కింద వారంట్ వస్తుంది. 14 నెలలంటే మొత్తం 84,000. అందులో మొదటి రెండు నెలల 12,000 ఇప్పటికే ఈ దారిలో చేయిజారింది. ఆ బాకీ మాఫీ అయినట్టు కాదు, కానీ దానికి వేరే దారి వెతుక్కోవాలి. మిగిలింది 72,000. వచ్చే 10వ తేదీ దాటితే ఇంకో 6,000 జారుతుంది. అందుకే పిటిషన్ ఈ వారమే పడాలి. ఇకముందు ఇట్లాంటి ప్రతి ఫైల్ అట్ట మీద ఎర్ర ఇంకుతో ఆఖరి తేదీ రాసిపెట్టుకోండి.

బాండు సంగతి. పిల్లల మనోవర్తి పిల్లల హక్కు. తల్లి సంతకంతో అది పోదు. కోర్టు ఇచ్చిన ఆర్డర్‌ను మార్చాలన్నా రద్దు చేయాలన్నా కోర్టే చేయాలి, పంచాయితీ కాదు. కానీ ముట్టిన 50,000 దాచొద్దు. ఏ తేదీన, ఎవరి సమక్షంలో, దేనికోసం ఇచ్చారో పిటిషన్‌లోనే రాయాలి. అది పిల్లల ఖర్చుకే అని తేలితే జడ్జి బాకీలో తగ్గించొచ్చు. దాచి పెడితే అవతలి వకీలు మొదటి ప్రశ్న దాని మీదే వేస్తడు, ఆ తర్వాత ఆమె చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

ఎక్కడ వేయాలంటే, ఆర్డర్ ఇచ్చిన కోర్టులో వేయొచ్చు. తండ్రి ఉన్న చోట మెజిస్ట్రేట్ దగ్గర కూడా అమలు అడగొచ్చు, పాత సీఆర్పీసీ 128, ఇప్పుడు దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 147. ఆర్డర్ కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది, కాబట్టి కాపీ లేదని ఆగొద్దు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం నడుస్తోంది, పిటిషన్ మీద 125(3)తో పాటు 144(3) కూడా రాయించండి.

వకీలు ఫీజు గురించి ఆమెను భయపడనీయొద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఫోన్‌లో అయితే 15100.

సఖి_డెస్క్

వకీలు సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు. సమన్ల గురించి కొంచెం కలుపుతున్న, ఎందుకంటే కేసులు ఎక్కువగా ఆగేది అక్కడే.

"ఇంటికి తాళం", "అడ్రసులో లేడు" అని రాసి సమన్ తిరిగొస్తుంది. రెండు మూడు వాయిదాలు అట్లనే పోతాయి. సింగరేణి మనిషికి ఆ సాకు ఉండొద్దు. పిటిషన్‌లో ఇంటి అడ్రస్‌తో పాటు గని పేరు, ఎంప్లాయీ నంబర్, హోదా రాయించండి. సమన్ గని ఆఫీసు ద్వారా కూడా పంపమని అడగాలి. నంబర్ ఎక్కడ దొరుకుతదంటే, పాత పే స్లిప్, సింగరేణి ఆస్పత్రి మెడికల్ కార్డు, క్వార్టర్ అలాట్‌మెంట్ కాగితం. తల్లి పెట్టెలో వీటిల ఏదో ఒకటి ఉంటది, ఓపిగ్గా వెతికించండి. బత్తా (సమన్ పంపే ఖర్చు) కట్టారా లేదా అన్నది కూడా చూసుకోండి, కట్టకపోతే సమన్ బయటికే పోదు.

ఇక వసూలు. ఇవ్వకపోతే కోర్టు ముందు వారంట్ ఇస్తుంది, అప్పటికీ కట్టకుంటే బాకీ ఉన్న ఒక్కో నెలకు నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకు పోయొచ్చినంత మాత్రాన బాకీ తీరదు, సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టంగా చెప్పింది. అయితే జైల్లో ఉన్న రోజులకు ఆయనకు జీతం రాదు, పిల్లలకూ ఏం రాదు. పర్మినెంట్ ఉద్యోగి విషయంలో జీతం అటాచ్‌మెంటే (కోర్టు ద్వారా జీతంలోంచే పట్టుకోవడం) మేలని నా గట్టి అభిప్రాయం. మనోవర్తి ఆర్డర్‌ను సివిల్ డిక్రీలా అమలు చేయించొచ్చని 2020 నవంబర్ 4న రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో ఉంది. మామూలు అప్పుల డిక్రీలో జీతంలో కొంతే పట్టుకోవచ్చు, మనోవర్తి డిక్రీలో మాత్రం మూడో వంతు ఆయనకు వదిలి మిగతాది పట్టుకునే వీలుంది.

గృహ హింస కూడా ఉంటే ఆ చట్టం కింద ఇంకో దారి ఉంది. సెక్షన్ 20లో మెజిస్ట్రేట్ నేరుగా యజమాన్యానికే రాసి జీతంలోంచి కట్ చేయించి ఆమె అకౌంట్‌లో వేయించొచ్చు. దానికి ఆ చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్‌తో ఫారం 1 (గృహ హింస ఘటన) రిపోర్టు తయారు చేయించాలి. రెండు చోట్ల అడిగితే ఒక చోట వచ్చింది ఇంకో చోట చెప్పాలి, రెండోసారి లెక్క కట్టరు.

కొత్త_సోషల్_వర్కర్

చాలా థాంక్స్. బాబు చదువుకు ఖర్చు పెరుగుతోంది, ఆర్డర్ పెంచమని అడగొచ్చా? ఆయన "లోన్ కటింగులు పోను చేతికి 18,000 మాత్రమే" అంటున్నడట.

ఓరుగల్లు_వకీలు

అడగొచ్చు. పరిస్థితి మారితే నెలకు ఇచ్చే పైసలు మార్చమని బీఎన్ఎస్ఎస్ 146 కింద. అది బాకీ పిటిషన్‌తో కలపొద్దు, వేరుగా వేయండి, లేకుంటే రెండూ నత్తనడక.

చేతికొచ్చేది కాదు, మొత్తం జీతం చూడాలి. పర్సనల్ లోన్, సొసైటీ కటింగ్, చిట్టీ, ఇవన్నీ ఆయన ఇష్టంతో పెట్టుకున్నవి. పే స్లిప్‌లో చట్టప్రకారం పోయే పీఎఫ్, ట్యాక్స్ ఒక వైపు, సొంతంగా పెట్టుకున్న కటింగులు ఇంకో వైపు గీత గీసి చూపించండి, జడ్జికి ఒక్క చూపులో తెలుస్తది. ఆస్తులు, ఆదాయం అఫిడవిట్‌లో సింగరేణి వాళ్లు చాలామంది వదిలేసేది దసరాకు వచ్చే లాభాల వాటా, దీపావళి బోనస్. అవి బ్యాంకులో పడతాయి కాబట్టి ఏడాది స్టేట్‌మెంట్ తెప్పించమని అడగండి.

బాల_రక్ష_ఫీల్డ్

కోర్టులో తేలేదాకా పిల్లలకు ఏం ఇప్పించొచ్చన్న మూడో ప్రశ్నకు ఎవరూ రాలేదు, నేను చెప్తా. మిషన్ వాత్సల్య (పిల్లల రక్షణకు ప్రభుత్వ పథకం) స్పాన్సర్‌షిప్ పెట్టండి. ఒక్కో పిల్లకు నెలకు 4,000. భర్త వదిలేసిన తల్లి పిల్లలు అర్హుల లిస్టులో ఉన్నరు, విడాకుల డిక్రీ ఉండాల్సిన పని లేదు. ఆర్డర్ కాపీ, మీ సామాజిక విచారణ నివేదిక ఆధారం.

దెబ్బతినేది ఆదాయం సర్టిఫికెట్ దగ్గర. స్పాన్సర్‌షిప్ పరిమితి గ్రామాల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000. మన రాష్ట్రంలో రేషన్ కార్డుకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. రేషన్ కార్డు ఉంది కదా అని మీసేవలో అలవాటుగా లక్ష రాయించుకొస్తరు, మంజూరు కమిటీలో ఫైల్ తిరిగొస్తది. తల్లి కూలి పత్తి ఏరుడు, మిర్చి ఏరుడు సీజన్లలోనే వస్తుంది. ఎన్ని రోజులు, రోజుకు ఎంత అని ఆమెనే కూర్చోబెట్టి లెక్క వేసి, నిజమైన అంకె అప్లికేషన్‌లో రాయించండి. తగ్గించి రాయించొద్దు, విచారణకు వచ్చినోళ్లకు దొరికిపోతరు. రేపు మనోవర్తి మొదలైతే నెలకు 6,000 అంటే ఏడాదికి 72,000, కూలి కలిస్తే పరిమితి దాటుతది. అది దాచకుండా వార్షిక సమీక్షలో చెప్పమని ఆమెకు ఇప్పుడే అర్థమయ్యేలా చెప్పండి, తర్వాత మోసం చేసిందన్న మాట పడొద్దు.

ఇంకా కావాల్సినవి ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, బడి బోనఫైడ్, బ్యాంకు అకౌంట్. పాప పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకోటి ఉంటుంది చాలా కేసుల్లో. ముందే సరిచేయించండి. పిల్లలు బడి మానితే సాయం ఆగుతది, హాజరు మీరే చూస్తుండాలి. మంజూరు చేసేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ, కాబట్టి మీటింగ్‌కు ముందే ఫైల్ పూర్తిగా ఉండాలి. ఒక్క కాగితం తక్కువైనా తర్వాతి మీటింగ్ దాకా పిల్లలకు ఏం అందదు.

జగిత్యాల_గల్ఫ్_కేసులు

ఇది చదివే మా జిల్లా వాళ్ల కోసం ఒక్క మాట. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే జీతం అటాచ్‌మెంట్ అంత తేలిక కాదు. కానీ కోర్టు సమన్ గానీ వారంట్ గానీ ఉన్నట్టు పాస్‌పోర్ట్ అధికారి దృష్టికి తెస్తే పాస్‌పోర్ట్ స్వాధీనం చేసుకునే అధికారం పాస్‌పోర్ట్ చట్టం 10(3)(హెచ్)లో ఉంది. అందుకే వారంట్ కాపీ, పాస్‌పోర్ట్ జిరాక్స్ ఫైల్‌లో పెట్టుకోండి. నంబర్ లేదంటే పాత వీసా కాపీ, ఏజెంట్ దగ్గర కాగితాలు చూడండి. ఇక్కడ ఆయన పేరు మీద భూమి ఉంటే పట్టాదారు పాస్‌బుక్ సర్వే నంబర్ కూడా రాసుకోండి, వసూలుకు పనికొస్తది.

కొత్త_సోషల్_వర్కర్

రేపు పొద్దున తల్లిని హన్మకొండకు రమ్మన్న. మెడికల్ కార్డు దొరికింది, ఎంప్లాయీ నంబర్ దాని మీద ఉంది. న్యాయ సేవాధికార సంస్థకు అప్లికేషన్ అక్కడే రాయిస్త, 10వ తేదీకి ఇంకా ఆరు రోజులుంది.