లోడ్ లేనప్పుడు వోల్టేజి సరిగ్గా ఉంటే ఛార్జర్ బాగున్నట్లేనా?

తీగమెలిక:
నా దగ్గర 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి వాడే 10 ఆంపియర్ల ఛార్జర్ ఉంది. బ్యాటరీ తగిలించకుండా రెండు క్లిప్పుల మధ్య కొలిస్తే మల్టీమీటరు 13.8 వోల్టులు చూపిస్తోంది. అయినా రాత్రంతా ఛార్జింగులో ఉంచిన బ్యాటరీ 12.1 వోల్టుల నుంచి 12.3 దాకా మాత్రమే వచ్చింది. వోల్టేజి సరిగ్గానే వస్తోంది కనుక ఛార్జర్‌లో లోపం లేదని, బ్యాటరీ మార్చాలని ఒకరు సలహా ఇచ్చారు. లోడ్ లేకుండా కొలిచిన అంకెను నమ్మకూడదని మరొకరు అన్నారు. ఈ రెండు మాటల్లో దేనికి బలమైన ఆధారం ఉందో తెలుసుకోగోరుతున్నాను.

సూటిమాట:
నేను మొదటి సలహానే సమర్థిస్తాను. 13.8 వోల్టులు అనేది ఏదో ఒక అంకె కాదు. అది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి నియమించిన ఫ్లోట్ వోల్టేజి, అంటే నిండిన బ్యాటరీని నిండుగానే నిలిపి ఉంచే వోల్టేజి. ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్, వోల్టేజిని అదుపు చేసే సర్క్యూటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి పూర్తిగా పోయినా ఆ అంకె అంత కచ్చితంగా నిలబడదు. బ్యాటరీ మాత్రం వాడకంతో అరిగిపోయే వస్తువు. పలకల మీద సల్ఫేట్ గట్టిపడిన బ్యాటరీని ఎంతసేపు ఛార్జింగులో ఉంచినా ప్రయోజనం కనిపించదు. కాబట్టి ముందుగా అనుమానించవలసింది బ్యాటరీనే.

ఓంనియమం:
సూటిమాట గారు చెప్పిన కారణాల్లో ఒకటి నిజమే: ఆ 13.8 వల్ల అదుపు సర్క్యూటు బతికే ఉందని తెలుస్తుంది. అయితే ఆ సర్క్యూటుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న దారి ఎలా ఉందో ఆ అంకె చెప్పదు, చెప్పలేదు కూడా. డిజిటల్ మల్టీమీటరు అంతర్గత నిరోధం సాధారణంగా 10 మెగా ఓంలు ఉంటుంది కనుక, 13.8 వోల్టులు కొలిచేటప్పుడు దాని గుండా ఒకటిన్నర మైక్రో ఆంపియర్ కరెంటు కూడా పోదు. అంత స్వల్పమైన కరెంటుకు దారిలో 1 ఓం అదనపు నిరోధం ఉన్నా నష్టపోయేది మైక్రో వోల్టుల్లోనే, అంటే మీటరు తెరకు అందనంత. అదే 1 ఓం గుండా 10 ఆంపియర్లు పంపాలంటే అక్కడే 10 వోల్టులు ఖర్చు కావాలి. అది అసాధ్యం కాబట్టి కరెంటే పడిపోతుంది. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు నిండు వోల్టేజి చూపిస్తుందంటే కారణం ఇదే.

నా వాదన ఇది: ఛార్జర్ మీద గానీ బ్యాటరీ మీద గానీ తీర్పు చెప్పాలంటే, రెండూ కలిపి ఉన్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరి వోల్టేజినీ, పారుతున్న కరెంటునూ ఒకే సమయంలో చూడాలి. వోల్టేజి 14 దరిదాపులకు ఎగబాకి కరెంటు మాత్రం నామమాత్రంగా ఉంటే బ్యాటరీ నిండి ఉండాలి, లేదా సల్ఫేట్ పట్టి ఛార్జిని స్వీకరించలేకపోతూ ఉండాలి. వోల్టేజి తక్కువగా, కరెంటు ఛార్జర్ సామర్థ్యానికి దగ్గరగా ఉంటే ఛార్జర్ తన పని చేస్తున్నట్లే. అప్పుడు బ్యాటరీ బాగా ఖాళీ అయి ఉండవచ్చు. గంటలు గడిచినా కరెంటు తగ్గకుండా, వోల్టేజి పెరగకుండా ఉండి, విడదీసి కాసేపు ఆగాక 10.5 దగ్గర నిలిస్తే ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయిందని బలంగా అనుమానించవచ్చు. ఇక వోల్టేజీ తక్కువగా ఉండి, కరెంటూ తక్కువగా ఉంటే లోపం బ్యాటరీది కాదు. ఛార్జర్ లోపల గానీ, దాని తీగల్లో గానీ, క్లిప్పుల్లో గానీ ఉంటుంది.

తీగమెలిక గారి రాత్రంతటి ఛార్జింగు మూడు నాలుగు సందర్భాల్లో దేనికైనా సరిపోతుంది. అందుచేత బ్యాటరీ కొనకముందు ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి. కరెంటు కొలవడానికి, తీగ చుట్టూ పట్టించే క్లాంప్ మీటరు వాడితే అది డీసీ కూడా కొలిచేదై ఉండాలి. ఏసీ మాత్రమే కొలిచే రకం మీకు సున్నా చూపించి దారి తప్పిస్తుంది. మల్టీమీటరు ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి సిరీస్‌లో కలిపితే, కొలత అయిన వెంటనే ప్రోబును వోల్టేజి రంధ్రానికి మార్చండి. అలా మార్చకుండా బ్యాటరీ టెర్మినళ్లకు తాకిస్తే మీటరే బ్యాటరీని షార్ట్ చేస్తుంది.

పాతచుట్ట:
లోడ్ లేని కొలత బాగున్న ఛార్జర్‌ను చెడిపోయినట్లుగా కూడా చూపిస్తుంది. డీసీలోని ఎగుడుదిగుళ్లను చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్ లేని పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్‌ను తీసుకోండి. దాని సెకండరీ (అవుట్‌పుట్ వైపు చుట్ట) 15 వోల్టులైతే, నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ రెక్టిఫయర్ తర్వాత డీసీ మీటరు చూపేది సగటు విలువ. అది 15లో 0.9 వంతు, అందులోంచి రెండు డయోడ్ల నష్టం పోగా సుమారు 12 వోల్టులు. బ్యాటరీలోనే అంతకంటే ఎక్కువ ఉంటే ఇది ఎలా ఛార్జ్ చేస్తుందని అనుకుంటారు. నిజానికి తరంగ శిఖరం 20 వోల్టుల దాకా లేస్తుంది, ఆ శిఖరాల వద్దే కరెంటు బ్యాటరీలోకి వెళుతుంది. బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగిపోతే మాత్రం సగం తరంగాలు పోయి ఆ 12 కాస్తా 6 దగ్గరకు పడుతుంది. అది గుర్తుపట్టదగిన లోపం.

స్మార్ట్ ఛార్జర్లలో చాలావాటికి బ్యాటరీ వోల్టేజి తగిలేదాకా క్లిప్పుల వద్ద ఏమీ రాదు. సున్నా చూసి వాటిని పారేయడం అన్యాయం.

సూటిమాట:
లోడ్ పెట్టి కొలవడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. మొదటి మెట్టుగా లోడ్ లేని కొలతకు విలువ ఉందనే అంటున్నాను. ఒకవేళ ఛార్జర్‌నే అనుమానించదలిస్తే బయట క్లిప్పుల వద్ద తచ్చాడడం కంటే, మూత తీసి బోర్డు మీది అవుట్‌పుట్ దగ్గర నేరుగా కొలవడం మేలు. సరఫరా తీగకు వరుసలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు కలిపితే, లోపల షార్ట్ ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలిగి కరెంటును తనే ఆపుతుంది; భాగాలు కాలిపోవు.

నిదానం:
సిరీస్ బల్బు భాగాలను కాపాడుతుంది గానీ మనిషిని కాపాడదు. ఈ తేడాను చెప్పకుండా మూత తీయమనడం నాకు సమ్మతం కాదు. 230 వోల్టుల సరఫరాపై నడిచే స్విచింగ్ రకం ఛార్జర్‌లో సరఫరా వైపు ఉండే ప్రైమరీ కెపాసిటర్ 325 వోల్టుల దాకా నిండుతుంది. ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఆ ఛార్జి మిగిలి ఉండవచ్చు, ముఖ్యంగా దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ తెగిపోయి ఉంటే. వరుసలో బల్బు ఉన్నా లేకపోయినా అందులో ఉన్నది ప్రాణాంతకమైన వోల్టేజే. బయటి నుంచి కొలవగలిగినదంతా కొలిచాకే మూత సంగతి ఆలోచించాలి. మరొక మాట, ఛార్జ్ అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి సరఫరా ఆపాకే క్లిప్పులు పెట్టాలి, తీయాలి.

తీగమెలిక:
అందరూ చెప్పినట్లే కొలిచాను. ఛార్జింగు సమయంలో బ్యాటరీ టెర్మినళ్ల వద్ద 12.6 వోల్టులు, కరెంటు 0.9 ఆంపియర్లు. రెండూ తక్కువే. మూత తీయకుండా దారి వెంట ఒక్కో అతుకు దగ్గర వోల్టేజి నష్టాన్ని చూశాను. బ్యాటరీ టెర్మినల్‌కూ క్లిప్పు దవడకూ మధ్య రెండు వైపులా చెప్పుకోదగిన నష్టం లేదు. నెగటివ్ క్లిప్పుకూ దాని తీగలోని రాగికీ మధ్య కూడా అంతే. పాజిటివ్ క్లిప్పుకూ దాని తీగకూ మధ్య, సూది ప్రోబుతో గుచ్చి చూస్తే, 1.1 వోల్టులు కనిపించాయి. ఆ చోట తొడుగు కొద్దిగా వెచ్చగా ఉంది.

ఓంనియమం:
1.1 వోల్టులను 0.9 ఆంపియర్లతో భాగిస్తే 1.2 ఓంలు, మీ 13.8కీ 12.6కీ మధ్య తేడా దాదాపు అంతా ఆ ఒక్క అతుకులోనే పోతోంది. రాత్రంతా 0.9 ఆంపియర్లే వెళ్లాయి కనుక బ్యాటరీ ఆ కాస్త పెరగడం సహజమే, దాన్ని తప్పుపట్టడానికి ఇంతవరకూ ఆధారం లేదు. తొడుగు వెనక్కి లాగి చూడండి, క్లిప్పును తీగకు నొక్కి బిగించిన చోట రాగి పచ్చబారి ఉండవచ్చు. నల్లబడిన, పచ్చబడిన రాగిని కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా వెళ్లి, కొత్త క్లిప్పును గట్టిగా నొక్కించండి. ఆమ్లం తగిలిన రాగి మీద సోల్డరు నిలవదు, పాత చివరకే అతికించకండి.

ఆ తర్వాత అదే చోట మళ్లీ కొలవండి. కరెంటు 10 ఆంపియర్లకు చేరువైనప్పుడు కూడా ఆ అతుకు వద్ద నష్టం 0.1 వోల్టు దాటకూడదు. కరెంటు పెరగకుండా టెర్మినల్ వోల్టేజి మాత్రం వెంటనే 13.8కి ఎగబాకితే, సూటిమాట గారి అనుమానాన్ని అప్పుడు పరీక్షిద్దాం.