శాఫో నడిరాత్రి: జారేది వయసా, వేళా?

రాఘవ: ప్రాచీన గ్రీకు కవయిత్రి శాఫో పద్యం ఒకటి పొద్దున్నుంచి నాలుక మీద ఆడుతోంది. "చంద్రుడు కుంకాడు, కృత్తికలూ కుంకాయి, నడిరాత్రి..." ఆ తర్వాత "వయసు జారిపోతోంది" అనా, "వేళ మించిపోతోంది" అనా? రెండూ చదివినట్టే ఉంది.

వసుంధర: వయసు అని ఉంటే అది ఇటలీ కవి క్వాసిమోదో దారి. 1940 నాటి తన గ్రీకు కవితల అనువాద సంపుటి 'లిరిచి గ్రేచి'లో ఆయన అక్కడ 'జొవినెజ్జా' అన్నాడు, యౌవనం అని. గ్రీకు మూలంలో ఉన్నది 'ఓరా', అంతే.

శ్రీధర్: అంతే అంటే ఎలా మేడమ్? ఋతువు, వేళ, నిండు ప్రాయం, మూడూ ఆ మాటలో ఉన్నాయి. క్వాసిమోదో ఒకటి ఏరుకున్నాడు.

సుబ్బారావు: ఆ ఓరాయే మన జ్యోతిషంలోని హోర. 'అహోరాత్ర'లో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర వచ్చిందని కొందరంటారని వరాహమిహిరుడు రాశాడు. నాకెందుకో అదే నచ్చుతుంది.

శ్రీధర్: నచ్చితే సరా సుబ్బారావుగారూ! యవనుల దగ్గర, అంటే గ్రీకుల దగ్గర, తెచ్చుకున్న మాటకు తర్వాత కట్టిన వ్యుత్పత్తి అది.

సుబ్బారావు: మరి శాఫో దగ్గర హకారం ఏదీ?

వసుంధర: లెస్బోస్ యాసలో హ పలకరు. అయినా ఆ పద్యం శాఫోది కాదన్నవాళ్లూ ఉన్నారు. ప్రాచీన గ్రీకు లాక్షణికుడు హెఫైస్తియోన్ దాన్ని ఛందస్సుకు ఉదాహరణగా ఇచ్చాడు, కవి పేరు చెప్పలేదు.

మాధవి: కృత్తికలంటే మా వైపు పిల్లలకోడి. అది నడిరాత్రికి ముందే కుంకాలంటే చలికాలం చివర, వసంతం మొదట్లోనే కుదురుతుందని 2016లో టెక్సస్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. క్రీ.పూ. 570 ఆకాశం పెట్టి చూస్తే జనవరి 25 నుంచీ. అంటే ఓరా ఋతువే!

శ్రీధర్: ఖగోళం లెక్కతో కవిత్వం తేలదండీ. క్వాసిమోదో ఇంజనీరింగు చదువు మధ్యలో వదిలేసి, సర్వే ఉద్యోగాలు చేసినవాడు. గ్రీకు పట్టుబట్టి నేర్చుకున్నాడు. పండితులు తప్పులు పట్టారు, పాఠకులు మాత్రం ఆ పుస్తకం వదల్లేదు. 1959లో నోబెల్ వచ్చింది సరే, నాకైతే ఆయన సొంత కవితల కన్నా ఈ అనువాదాలే ఇష్టం.

వసుంధర: సొంత కవితల కన్నానా! భూమి గుండె మీద ఒంటరిగా నిలబడిన మనిషి, అంతలోనే సాయంత్రం. మూడే పాదాలు. ఆ ఒంటరితనాన్నే శాఫో చివరి పాదంలో పెట్టాడు.

శ్రీధర్: పెట్టడమేమిటి, 'మోనా', ఒంటరిగా అని మూలంలోనే ఉంటే?

వసుంధర: ఉంది. కానీ మూలంలో ఆమె ఒంటరిగా పడుకుంటుంది. ఆయన "నా మంచం మీద ఒంటరిగా మిగిలాను" అన్నాడు. మంచం ఎక్కణ్ణుంచి తెచ్చాడో మీరే చెప్పండి.

రాఘవ: ఇంతకీ నేను చదివిన తెలుగు ఎవరిదండీ?