రెండు గినీ పిగ్‌లు ఉన్న ఇంట్లోకి మరో రెండింటిని తీసుకోవచ్చా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు ఆడ గినీ పిగ్‌లు ఉన్నాయి. ఎలుక జాతికి చెందిన, గడ్డి తినే ఈ చిన్న ప్రాణులను మూడేళ్ల క్రితం నెలన్నర పిల్లలుగా మూడింటిని తెచ్చుకున్నాము. నిరుడు మే నెలలో మేము పెళ్లికి వెళ్లిన ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కూలర్ ఆగిపోవడంతో వాటిలో ఒకటి ఎండదెబ్బకు చనిపోయింది. ఆనాటి నుంచి మిగిలిన రెండూ ఒకదాన్నొకటి విడిచి ఉండటం లేదు. ఒకటి గూట్లోకి వెళితే రెండవది వెంటనే వెళ్లి దాని పక్కన ఒదిగి పడుకుంటుంది. వీటి ఆయుష్షు సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లేనని తెలిసినప్పటి నుంచి, రేపు ఒకటి పోతే రెండవది ఒంటరిగా ఎలా బతుకుతుందనే దిగులు నన్ను వదలడం లేదు.

ఇప్పుడు మావారి ఆఫీసులో పనిచేసే ఒకరికి బదిలీ అయింది. వారు వెళ్లే చోట ఇంటి యజమాని జంతువులను పెంచడానికి ఒప్పుకోలేదట. వారి దగ్గర ఐదు నెలల మగది ఒకటి, మూడున్నర నెలల ఆడది ఒకటి ఉన్నాయి. రెండింటినీ మమ్మల్ని తీసుకోమని అడుగుతున్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఇవి ఒక్కసారైనా పిల్లలు పెడితే చూడాలని ఎంతో ఆశ. మా బోను పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు. నాలుగింటినీ కలిపి ఉంచవచ్చా? పాతవి కొత్తవాటిని దగ్గరికి రానిస్తాయా? ఖర్చుకు వెనకాడను కానీ, నన్నే నమ్ముకుని ఉన్న ఈ రెండింటికి నా నిర్ణయం వల్ల కీడు జరగకూడదు. శివరాత్రి దాటింది, ఎండలు ముదురుతున్నాయి, వారు ఈ నెలాఖరుకే వెళ్లిపోతున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అమ్మా, ముందుగా ఒక సంగతి కనుక్కోండి. ఆ మగది, ఆ ఆడది ఇప్పుడు ఒకే బోనులో ఉంటున్నాయా? ఉంటున్నట్లయితే మీ ఇంటికి రాబోయేవి రెండు కాకపోవచ్చు. ఆడ గినీ పిగ్ నెలా నెలన్నర వయసుకే ఎదకు వస్తుంది, సుమారు పదహారు రోజులకు ఒకసారి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. మగది మూడు నెలలు నిండేసరికి పూర్తిగా సమర్థమవుతుంది. అంటే మీరు చెప్పిన వయసుల ప్రకారం ఆ ఆడది ఇప్పటికే చూలుతో ఉండే అవకాశం చాలా ఎక్కువ. చూలు కాలం 59 నుంచి 72 రోజులు, ఒక ఈతకు సాధారణంగా రెండు నుంచి నాలుగు పిల్లలు. ఈనిన కొన్ని గంటల్లోనే అది మళ్లీ ఎదకు వస్తుంది కనుక, ఆ సమయంలో మగది పక్కనే ఉంటే ఒక ఈత పిల్లలు పాలు తాగుతుండగానే రెండవ చూలు మొదలైపోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. ఒక దుకాణంలో రెండూ ఆడవేనని చెప్పి ఇచ్చిన జంటను నమ్మి తెచ్చుకున్నాను. ఆరు నెలలు తిరగకుండానే నా ఇంట్లో తొమ్మిది అయ్యాయి. వాటికి మంచి ఇళ్లు వెతకడానికి నాకు ఏడాది పట్టింది. అందుకే ఆడా మగా అనేది ఎవరు చెప్పినా నమ్మకుండా, తెలిసినవారి చేత చూపించుకోవాలి.

రెండవ సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. మీ దగ్గర ఉన్న రెండింటికీ మూడేళ్లు నిండాయి, అవి ఎన్నడూ ఈనలేదు. ఆరేడు నెలల వయసు లోపల మొదటి ఈత కాని ఆడవాటికి కటి ముందు భాగంలోని ఎముకల కీలు గట్టిపడిపోతుంది, ఆ తరువాత చూలు నిలిస్తే పిల్ల బయటికి రావడానికి దారి విచ్చుకోదు. అప్పుడు కోసి తీయవలసి వస్తుంది, అంత చేసినా తల్లి దక్కుతుందన్న భరోసా ఉండదు. కాబట్టి విత్తులు తీయించని మగదానిని మీ పాతవాటి దగ్గరికి ఒక్క గంట కూడా వదలకండి. మీ అబ్బాయి ఆశను నేను తక్కువ చేయడం లేదు, కానీ ఆ ఆశకు మూల్యం చెల్లించేది ఇన్నాళ్లూ అతడు చేతులతో మేపిన జంతువులేనని అతడికి విడమరచి చెప్పండి. ఆ వయసు పిల్లలు ఇటువంటి మాట అర్థం చేసుకుంటారు.

ఆ చిన్న ఆడది నిజంగానే చూలుతో ఉన్నా భయపడకండి. దాని వయసుకు ఎముకలు ఇంకా సాగుతాయి. దానిని తీసుకోండి, మగదానిని తీసుకోకండి అని నా సలహా. నా దగ్గర రెండేళ్ల మగది ఒకటి, జోడీ చనిపోయి, రెండు నెలలుగా ఒంటరిగా ఉంది. వారికి అభ్యంతరం లేకపోతే ఆ మగదానిని నేను తీసుకుంటాను. ఒకే చోట రెండు మగవి, ఆడవాటి వాసన తగలకుండా, తగినంత చోటుతో ఉంటే తరచుగా సర్దుకుంటాయి. సర్దుకోకపోతే మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కన ఉంచుతాను.

జవాబు (వనపర్తి నుంచి)

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. పై మిత్రుడు చెప్పినది అక్షరాలా నిజం. మగదానికి విత్తులు తీయించి అదే ఇంట్లో ఉంచుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఉంచుకోవచ్చు, కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. శస్త్రచికిత్స తరువాత కూడా ఆరు వారాల వరకు దానికి చూలు కట్టించే శక్తి మిగిలి ఉండవచ్చు, అంతవరకు వేరుగా ఉంచాలి. ఇక మన జిల్లాల్లో పశువైద్యులు ప్రధానంగా గేదెలు, గొర్రెలు, మేకలు చూస్తారు. ఇంత చిన్న ప్రాణికి మత్తు ఇవ్వడంలో చేయి తిరిగినవారి కోసం హైదరాబాద్ వెళ్లవలసి రావచ్చు. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ముందుగా విచారించి బయలుదేరడం మంచిది. చూలుతో ఉన్నదానిని మాత్రం ఎండలో అంత దూరం తిప్పకండి.

కొత్తదానిని తెచ్చిన వెంటనే పాతవాటితో కలపకండి. కనీసం రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, ముందు పాతవాటికి మేత వేసి, ఆ తరువాత కొత్తదాని దగ్గరికి వెళ్లి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గజ్జి, తామర, ఊపిరితిత్తుల జబ్బు వీటిలో ఒకదాని నుంచి ఒకదానికి సులభంగా అంటుతాయి, తామర మనుషులకు కూడా వస్తుంది. ప్రతి ఉదయం వంటింటి కాటా మీద తూచి బరువు రాసిపెట్టండి. ఈ ప్రాణులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. కంటికి కనిపించే ముందే తూకంలో తెలుస్తుంది.

మరొక మాట. మనుషుల మాదిరిగానే వీటి శరీరం సి విటమిన్‌ను సొంతంగా తయారు చేసుకోలేదు. రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల నుంచి అవసరం మొదలవుతుంది, చూలుతో ఉన్నదానికి 30 వరకు కావాలి. క్యాప్సికమ్, కొత్తిమీర, కొద్దిగా జామపండు ఇస్తే చాలు. నీళ్లలో చుక్కల మందు కలిపితే ఆ విటమిన్ త్వరగా చెడిపోతుంది. ఏదైనా జబ్బు చేసి మందుల దుకాణానికి వెళితే అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇవ్వకండి. అవి పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి, జంతువునే చంపుతాయి. మంచి మనసుతో వేసిన మందుకు పోయిన ప్రాణాలను నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

నేను చోటు గురించి, ఎండ గురించి మాత్రమే చెబుతాను. మీ బోను 8 చదరపు అడుగులు. రెండింటికి కనీసం 7.5 చదరపు అడుగులు కావాలంటారు, కాబట్టి ఇప్పుడు సరిపోతోంది, మూడింటికి 10.5, నాలుగింటికి 13 కావాలి. చోటు చాలనప్పుడు అప్పటిదాకా స్నేహంగా ఉన్నవి కూడా మేత దగ్గర, గూటి దగ్గర కొట్లాడుకుంటాయి. మూడవది రాకముందే బోనును పెంచండి, గూళ్లు మూడు పెట్టండి, ప్రతి గూటికి రెండు దారులు ఉండేలా చూడండి. కలిపే రోజున మూడింటినీ వాటిలో దేనికీ అలవాటు లేని చోట, మధ్యలో గడ్డి కుప్ప పోసి వదలండి. గురగురమనడం, ఒకదానిమీద ఒకటి ఎక్కడం, వెంటపడటం మామూలే. పళ్లు టకటకలాడిస్తూ రక్తం వచ్చేలా కొరికితేనే విడదీయాలి. అయితే కొత్తది చూలుతో ఉన్నట్లు తేలితే అది ఈని, పిల్లలు పాలు మానేవరకు ఆగడం నయం.

ఎండ మాట మీకు నేను చెప్పనక్కరలేదు, అయినా చెబుతాను. వీటికి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీలు. 30 దాటితే ప్రమాదం, మన దగ్గర మే నెలలో 42, 43 మామూలు. చూలుతో ఉన్నది ఆ వేడిని అసలు తట్టుకోలేదు. కరెంటు మీద ఆధారపడని చల్లదనం మీ ఇంట్లో ఉండాలి. మేము ఇంటి మధ్య గదిలో నేల మీద నాపరాయి పలకలు పరిచి బోను అక్కడ పెడతాము, కిటికీకి తడిపిన గోనెపట్టా వేలాడదీస్తాము, నీళ్లు గడ్డకట్టించిన సీసాలు గుడ్డలో చుట్టి ఒక మూల ఉంచుతాము. వేసవిలో ఇల్లంతా ఖాళీ చేసి వెళ్లవలసి వస్తే పక్కింటివారికి తాళం ఇచ్చి వెళతాము.

మేత సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే వీటి ఆహారంలో అధిక భాగం ఎండుగడ్డే కావాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక గడ్డి నమిలి అరగదీసుకోవాలి. మా ఆయకట్టులో వరిగడ్డికి కొదవ లేదు గానీ దానిలో పోషకాలు తక్కువ, పరుపుగా వాడుకోవచ్చు. గరిక చాలా మంచిది. కానీ పొలం గట్ల మీద కోసేటప్పుడు అక్కడ గడ్డిమందు కొట్టారేమో ఆ రైతును అడిగి తెలుసుకోకుండా కోయకండి.

ప్రశ్న అడిగినవారి జవాబు (తొమ్మిది రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివిన రోజు సాయంత్రమే వారింటికి వెళ్లాము. రెండూ నెలన్నరగా ఒకే బోనులో ఉన్నాయి. వెంటనే విడదీయించాము. మరుసటి రోజు పశువుల డాక్టరు గారు ఆడదాని కడుపును మెల్లగా తడిమి చూసి, చూలుతోనే ఉందని, రెండు పిల్లలు చేతికి తగులుతున్నాయని చెప్పారు. మగది మొన్న ఆదివారం తెల్లవారుజామున, చల్లపూట, మహబూబ్‌నగర్ చేరింది.

ఆడది మా పడకగదిలో విడిగా ఉంది. మగపిల్లలు పుడితే మూడు వారాలు నిండగానే తల్లి నుంచి వేరు చేయాలని డాక్టరు గారు చెప్పారు, వాటిని ఎక్కడ ఉంచాలో ఇప్పుడే చూసుకుంటున్నాము. పాతవాటికి 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుతో కొత్త బోను చేయించడానికి వడ్రంగికి చెప్పాము. మా అబ్బాయి పాతవాటి విషయం విని చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి తానే ఒక నోటుపుస్తకం తీసి తేదీ, బరువు అని గీతలు గీశాడు. ఈ ఉదయం చూలుదాని బరువు 640 గ్రాములు, నిన్నటి కంటే ఆరు గ్రాములు ఎక్కువ.