మావయ్య ఇస్తానన్న ప్లాస్మా టీవీ తెచ్చుకోవాలా, కొత్త ఎల్‌ఈడీ కొనాలా?

రాజోలు_రవ్వ: మాది రాజోలు దగ్గర పల్లె. ఇంట్లో టీవీ పోయింది. హైదరాబాద్‌లో మావయ్య ఇల్లు మారుతూ తన 50 అంగుళాల ప్లాస్మా ఇచ్చేస్తానంటున్నాడు. 2011లో కొన్నది, ఇప్పటికీ శుభ్రంగా ఆడుతోంది. వద్దనుకుంటే 43 అంగుళాల ఎల్‌ఈడీ కొనాలి. టీవీ ఉండేది హాల్లో, వీధి గుమ్మానికి ఎదురుగా. చూసేది అమ్మా నాన్నా ఇద్దరే. నాన్న పొద్దున్నే కాఫీతో వార్తలు పెడితే రాత్రి భోజనాల దాకా కట్టరు. ఏది నయమంటారు?

చీకటిగది: కళ్లు మూసుకుని ప్లాస్మా తెచ్చుకోండి. ఎల్‌ఈడీ టీవీ అంటే వేరే జాతేం కాదండి, ఎల్‌సీడీయే. వెనక ట్యూబులు తీసేసి ఎల్‌ఈడీ దీపాలు పెట్టారంతే. ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది, ముందున్న స్ఫటికాలు దాన్ని అడ్డుకోవాలి. పూర్తిగా అడ్డుకోలేవు. అందుకే రాత్రి సీను బూడిద పూసినట్టుంటుంది. ప్లాస్మాలో ఒక్కో చుక్కా తానే వెలుగుతుంది, నలుపు కావాలంటే దాదాపు ఆరిపోతుంది. పక్కన మంచం మీంచి చూసినా రంగు మారదు. క్రికెట్‌లో బంతి వెనక తోక రాదు.

కొబ్బరాకు: 50 అంగుళాల ప్లాస్మానా! మొయ్యడానికి కొబ్బరికాయల దింపువాళ్లని పిలవాలేమో.

పాలకొల్లు_మెకానిక్: బాబూ, 22 ఏళ్లుగా ఇదే పని నాది. ఈయన చెప్పిన నలుపూ తోకా నిజమే, కాదనను. కానీ మీ నాన్నగారు రోజంతా వార్తలు చూస్తారన్నారు కదా. ప్లాస్మాలో కదలని బొమ్మ అచ్చు పడిపోతుంది. మొన్నొకటి నా బల్ల మీదకొచ్చింది. టీవీలో పెళ్లి వీడియో, పెళ్లికూతురి నుదుటి పక్కన ఛానల్ లోగో, కాళ్ల దగ్గర స్క్రోలింగ్ పట్టీ. ఛానల్ మార్చినా పోదు. ఇక కరెంటు. 250 వాట్లు, 14 గంటలు, నెలకి 105 యూనిట్లు. 43 ఎల్‌ఈడీ 80 వాట్లనుకుంటే 34. స్లాబు మారితే బిల్లు చూసి మీ అమ్మగారే టీవీ కట్టేస్తారు. పానసోనిక్ 2013లో తయారీ ఆపేసింది, శామ్‌సంగ్, ఎల్‌జీ 2014లో ఆపేశాయి. బోర్డు పోతే ఇంకో చచ్చిన సెట్టులోంచి పీకి వెయ్యాలండి.

చీకటిగది: 250 అన్న లెక్కే తప్పు మాస్టారూ. ప్లాస్మా బొమ్మని బట్టి కరెంటు తాగుతుంది. చీకటి సీనుకి తక్కువ, తెల్ల తెరకి ఎక్కువ.

పాలకొల్లు_మెకానిక్: వార్తల తెర ఎలా ఉంటుందండీ, చీకటిగానా?

చీకటిగది: సగటు తీస్తే 250 రాదంటున్నాను. మీటరు పెట్టి చూశారా?

పాలకొల్లు_మెకానిక్: సరే 180 వేసుకోండి. అయినా రెండింతలే.

చేపలచెరువు: మా చెరువు గట్టు మీద షెడ్డులో 32 ఎల్‌ఈడీ. తేమకి బోర్డు పచ్చబడింది, అయినా ఆడుతోంది. ప్లాస్మా సంగతి తెలీదు.

చీకటిగది: అసలు మీ రిపేరోళ్ల మాట నమ్మే నేను మునిగాను. రెండేళ్ల కిందట నా ప్లాస్మా జుయ్యిమంటోందని ఒక షాపుకి తీసుకెళ్తే, పార్టులు దొరకవు, తుక్కే అన్నాడు. ఎక్స్‌చేంజ్‌లో చిల్లర చేతిలో పెట్టాడు. నెల తిరక్కుండా అదే టీవీ వాళ్ల షాపులో గోడ మీద క్రికెట్ చూపిస్తోంది! ఫ్రేము మూల నా చిన్నకూతురు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ కూడా అలాగే ఉంది.

పాలకొల్లు_మెకానిక్: ఎవడో మోసం చేస్తే నన్నంటారేంటండీ? ఎల్‌ఈడీ కొనిపిస్తే నాకేం కమీషన్ రాదు. ఎల్‌ఈడీల్లో దీపాల పట్టీలు పోతాయి, అవీ నేనే మారుస్తాను, అదీ దాచను. ఒక్కటడుగుతాను. మీ టీవీ ఎక్కడుంటుంది?

చీకటిగది: మేడ మీద గదిలో. నల్ల కర్టెన్లు. రాత్రి పదింటికి మొదలెడతాను. పేరు చూడలేదా?

పాలకొల్లు_మెకానిక్: అదీ సంగతి. వీళ్లది హాలు. ఎదురుగా వీధి గుమ్మం, గాలి కోసం పగలంతా బార్లా తెరిచే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ప్లాస్మా అద్దంలో వార్తల బదులు వాకిట్లో కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. మీరు సినిమా చూస్తారు. వాళ్లు టీవీ వింటారు. అమ్మగారు వంటింట్లోంచి, నాన్నగారు పేపరు చదువుతూ.

చీకటిగది: మధ్యాహ్నం మూడింటికి తలుపు మూసుకోలేరా?

కొబ్బరాకు: మే నెలలోనా? ఆయ్, మా ఊరొచ్చి చెప్పండి ఆ మాట.

రాజోలు_రవ్వ: మీరిద్దరూ ఏమీ అనుకోకండి. నాకూ ఎల్‌ఈడీయే కొనాలనుంది. కానీ మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. వద్దంటే, “పాతదని నామోషీ పడ్డారు” అంటాడు. ఇల్లు కట్టినప్పుడు ఫ్యాన్లు ఇస్తానంటే నాన్న వద్దన్నారు. అది ఇప్పటికీ తవ్వుతాడు.

చేపలచెరువు: ఇది మొదటే చెప్పాలి కదా! రెండు రోజులుగా వాట్లు లెక్కపెడుతున్నాం.

పాలకొల్లు_మెకానిక్: అయితే తెచ్చుకోవాల్సిందే. వ్యానులో నిలబెట్టి తెండి, పడుకోబెడితే అద్దం పగలొచ్చు. గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్క గోడకి పెట్టండి, కాంట్రాస్ట్ తగ్గించండి. గంటకోసారి ఛానల్ మార్చమని నాన్నగారికి చెప్పండి.

రాజోలు_రవ్వ: ఛానల్ మార్చమనా? మా నాన్ననా?

చీకటిగది: మార్చకపోతే నాకివ్వండి, వచ్చి పట్టుకెళ్తాను. ఆ 250 మాత్రం తప్పే.