మెట్టుగడ్డలో ‘గడ్డ’ ఏ గడ్డ?

ప్రశ్న (మహబూబ్‌నగర్): మేముండేది మెట్టుగడ్డ. మా అన్న కూతురి పెళ్లికార్డు ప్రూఫులో ‘మెట్టగడ్డ’ అని కొట్టారు. తప్పంటే, ప్రెస్ అతను “అసలు మాట ఇదే సార్” అంటున్నాడు. ఏది రాయించాలి? ఉల్లిగడ్డలోని గడ్డ, ఈ గడ్డ ఒకటేనా?

జవాబు: కార్డులో మెట్టుగడ్డ అనే రాయించండి. చుట్టాలు ఆటో ఎక్కి చెప్పే పేరు అదే కదా. కానీ ప్రెస్ అతణ్ణి తీసిపారేయడానికి లేదు. మెట్టు, మెట్ట రెండూ ఎత్తు అనే భావం నుంచి వచ్చినవే. కాలు పెట్టి ఎక్కే మెట్టూ ఎత్తే, కాలువ నీళ్లు ఎక్కని మెట్టపొలమూ ఎత్తే.

ఇక గడ్డ. మట్టిగడ్డ, ఉల్లిగడ్డ, మంచుగడ్డ, ఒంటిమీద లేచే గడ్డ అన్నీ ముద్దగా ఉండేవో, ఉబికేవో. నేల ఉబికి ఉంటే అదీ గడ్డే. ఏట్లో ఉన్నవాడికి ఒడ్డు ఎత్తుగా ఉంటుంది కనుక ఒడ్డునూ గడ్డ అన్నారు. అక్కణ్ణుంచి ‘మన గడ్డ’ అంటే మన దేశం, మన ప్రాంతం అనేదాకా పోయింది. మీ మెట్టుగడ్డలో ఎత్తును రెండుసార్లు చెప్పారు, అంతే. మనవైపు రెవెన్యూ లెక్కల్లో నీళ్లు పారే భూమి తరి, వాన మీద ఆధారపడే మెట్ట ఖుష్కి. పెద్ద చెరువు ఉన్న ఊళ్లో ఏది ఎత్తో ఏది పల్లమో పేరులోనే చెప్పుకోవడం వింతేమీ కాదు.

వ్యాఖ్య: మాది శ్రీకాకుళమండి, ఉద్యోగం పాలమూరులో. మావైపు గెడ్డ అంటే వాగు. వానాకాలం గెడ్డ పొంగితే అవతలికి పోలేం. నేను మెట్టుగడ్డ అనగానే వాగు పక్కన వాడకట్టు అనుకున్నాను.

జవాబు: బాగా గుర్తుచేశారండి. ఉత్తరాంధ్రలో వాగుకు ఉన్న పేరు ఇక్కడ ఎత్తైన నేలకు ఉన్నట్టు వినిపిస్తుంది. కానీ పాలమూరు మనిషి వాగును వాగనే అంటాడు, గడ్డ అనడు. ఊరి పేరు విప్పేటప్పుడు నిఘంటువులో అన్ని జిల్లాల అర్థాలూ కనిపిస్తాయి. ఆ ఊళ్లో వాడే అర్థాన్ని ముందు పట్టుకోవాలి.

వ్యాఖ్య (నల్లగొండ): అన్నా, మా దగ్గర మాన్యం చెల్క, అక్కచెల్మ అని రెండు వాడలున్నాయి. మా పిల్లలు అక్కచెల్మ అంటే అక్కాచెల్లెళ్లు అనుకుంటున్నారు. నవ్వొస్తుంది గానీ వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: చెల్మ అంటే చెలమ. వాగు ఇసుకలో చేత్తో గుంత తీస్తే ఊరి వచ్చే నీళ్లు. నల్లా విప్పితే నీళ్లొచ్చే కాలంలో పుట్టిన పిల్లలకు ఆ మాట ఎట్లా తెలుస్తుంది? ఒకసారి ఏదైనా వాగు దగ్గర తీసి చూపించండి.

మాన్యం చెల్క నాకు చాలా ఇష్టమైన పేరు. చెల్క అంటే ఎర్రటి తేలిక నేల, నీళ్లు నిలవవు. ఆముదం, జొన్న పండిన నేల. తెలంగాణ నేలల గురించి రాసే వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా దాన్ని ‘చెల్క నేల’ అనే రాస్తారు. మన రైతు మాట శాస్త్రంలోకి పోయింది. మాన్యం అంటే శిస్తు లేకుండానో నామమాత్రపు శిస్తుతోనో గుడికి, పూజారికి, ఊరికి పనిచేసేవాళ్లకు ఇచ్చిన భూమి. నిజాం కాలపు కాగితాల్లో అదే ఇనాం. ఇనాముల రద్దు చట్టం 1955లో వచ్చింది. అంటే ఈ పేరులో మొదటి మాట భూమి ఏ హక్కు కింద ఉండేదో చెప్తుంది, రెండోది అక్కడి మట్టి ఎట్లాంటిదో చెప్తుంది. ఇప్పుడక్కడ ఇళ్లే ఉన్నాయి. టీచర్స్ కాలనీ, డాక్టర్స్ కాలనీ అనే పేర్లలో ప్లాట్లు ఎవరు కొన్నారో తప్ప ఇంకేం లేదు. వెంచర్ల పేర్ల గురించి నన్ను అడగకండి, బీపీ పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ సార్. కార్డు మెట్టుగడ్డగానే పోతుంది. మరి మా టీడీ గుట్ట? కొత్తవాళ్లు అదేదో పార్టీ పేరనుకుంటున్నారు.

జవాబు: తిరుమల దేవుని గుట్ట! రెండు ఇంగ్లీషు అక్షరాలు దేవుణ్ణి దాచేశాయి. పొడుగు పేరును జనం కురచ చేసుకోవడం తప్పు కాదు. షా సాహెబ్ గుట్ట కూడా షాసాబ్‌గుట్ట అయింది, అయినా అందులో ఆ సాహెబ్ ఇంకా వినిపిస్తాడు. బోర్డుల మీదైనా తిరుమల దేవుని గుట్ట అని పూర్తిగా రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇంకో ముచ్చట. దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ అన్నీ కోటలున్న చోట్లు, వాటికి ‘కొండ’. ఊరి మధ్యలో ఇళ్లు ఎక్కిన రాళ్ల దిబ్బలకేమో ‘గుట్ట’. నల్లగొండలోనే చూడండి, ఊరి పేరులో కొండ, ఊళ్లో లతీఫ్ సాహెబ్ గుట్ట. ఇది సూత్రం కాదు. యాదగిరిగుట్ట ఒక్కటి చాలు దీన్ని దెబ్బతీయడానికి.

వ్యాఖ్య (జడ్చర్ల): మహబూబ్‌నగర్ పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీద పెట్టారు. అయినా మా అమ్మ ఇప్పటికీ ‘పాలమూరు పోయొస్త’ అనే అంటుంది. అది సరే, అక్కడి రామయ్య బౌలి అనే వాడ పేరులో బౌలి ఉర్దూ కదా, పక్కన రామయ్య ఎట్లా కుదిరాడు?

జవాబు: మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి, ఆమెదే పాత పేరు. రామయ్యకు బౌలితో ఇబ్బందేం లేదు తమ్ముడూ. బౌలి అంటే మెట్లు దిగి నీళ్లు తోడుకునే బావి. బావికీ బౌలికీ మూలం ఒకటే, సంస్కృతంలోని ‘వాపి’. మన బావి ప్రాకృతం దారిలో తెలుగులోకి వచ్చింది, బౌలి ఉర్దూ మీదుగా తిరిగి వచ్చింది.