ఇసుమున తైలం: "తివిరి"యా, "తవిలి"యా?

బొమ్మల కథ: అందరికీ నమస్కారం. పిల్లల కోసం ఒక కౌబాయ్ హాస్య కథ రాస్తున్నాను, బొమ్మలు మా మరదలు వేస్తోంది. కథ జరిగేది టెక్సాస్‌లో బోమాంట్ అనే ఊళ్ళో, 1901లో స్పిండిల్‌టాప్ గుట్ట మీద చమురు పడ్డప్పుడు. గుట్ట కింద చమురుందని పాటిల్లో హిగిన్స్ ఏళ్ల తరబడి మొత్తుకుంటే జనం నవ్వారు కదా, ఆ సీన్‌లో ఒక ముసలి పశువుల కాపరి మాత్రం నవ్వకుండా మన ఇసుములో (ఇసుకలో) తైలం పద్యం ముక్క ఒకటి అంటాడు (టెక్సాస్ కాపరికి తెలుగు పద్యం ఏంటని అడక్కండి, చదివేది తెలుగు పిల్లలు). నా నోట్లో "తవిలి యిసుమున" అని తిరుగుతోంది, మా అమ్మ "తివిరి" అంటోంది. ఏది?

తేటగీతి: అమ్మగారిదే రైటు. పాదం "తివిరి యిసుమున తైలంబు దీయవచ్చు". యతి చూడండి, పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం, ఇక్కడ నాలుగో గణం "దీయ" మొదట ఉంది. దాంతో "తి" కలుస్తుంది గానీ "త" కలవదు, హల్లు కుదిరినా అచ్చు కుదరదు. "తవిలి" రెండో పాదానిది, "తవిలి మృగతృష్ణలో (ఎండమావిలో) నీరు ద్రావవచ్చు", అక్కడ "ద్రా"తో చక్కగా కూర్చుంటుంది. మీకు రెండు పాదాలూ కలిసిపోయాయి.

అమలాపురం: మా నాయనమ్మ "తిరిగి యిసుమున" అనేది. దానికీ యతి కుదురుతుంది కదండీ, గణమూ కుదురుతుంది.

తేటగీతి: కుదురుతుంది, కానీ "తిరిగి" మూడో పాదానిది, "తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు". ఇది భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఏనుగు లక్ష్మణ కవి చేసిన తెలుగు, భర్తృహరి అక్కడ "పర్యటన్" (తిరుగుతూ) అన్నాడు. మొదటి దానికి "యత్నతః పీడయన్" (ప్రయత్నించి పిండుతూ). తివురు అంటే ప్రయత్నించు, కోరు. యత్నతః = తివిరి. అయిపోయింది.

ఒంగోలు: అవ్వలేదు. నేనెప్పుడూ దీన్ని తివియు నుంచే అనుకున్నా, తివియు అంటే లాగు కదా. ఇసుకలోంచి లాగి తీయడం అన్నమాట. పీడయన్‌కి దగ్గరగా ఉంటుంది, పైగా చమురు బావి సీన్‌కి పంపులా భలే సరిపోతుంది.

తెలుగు మాస్టారు: బాబూ, తివియుకి క్త్వార్థకం తివిసి అవుతుంది, తెలియు తెలిసి అయినట్టు. తివుచు అయితే తివిచి. తివిరి రావాలంటే తివురు ఒక్కటే దారి. నువ్వడిగినదాంట్లో ఒక నిజం మాత్రం ఉంది, పీడయన్‌ని లక్ష్మణ కవి వదిలేశాడు. గానుగలో పిండడం అనే బొమ్మ తెలుగులో లేదు, ఉత్త "తీయవచ్చు" ఉంది. అయినా నాకు మూలం కంటే ఈ తేటగీతే ఇష్టం. తివిరి, తవిలి, తిరిగి, చేరి, నాలుగు పాదాల మొదట నాలుగు శ్రమలు పెట్టాడు, మొదటి మూడు ఫలిస్తాయి, నాలుగోది, "చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు", ఫలించదు. పెద్దాపురం వైపు కవి, పూర్వీకుల్లో ఒకాయనకి ఏనుగు కానుకగా రావడం వల్ల ఇంటిపేరు ఏనుగు అయ్యిందంటారు. ఆ నడక పద్యంలో కూడా ఉంది, తొందర ఉండదు, వేసిన అడుగు కదలదు.

ఒంగోలు: సరే మాస్టారూ, తివిరి ఒప్పుకున్నా. కానీ ఎలకూచి బాలసరస్వతి కూడా భర్తృహరిని తెలుగు చేశాడు, అందరూ ఏనుగు దగ్గరే ఆగిపోతారు. సురభిమల్లా అని ముగిసే ఆ వృత్తాలు గొంతెత్తి చదివితే వేరే లెవెల్.

తెలుగు మాస్టారు: గొంతుకి బాగుంటాయి, కాదనను. నోట్లో నిలిచింది ఏదో చూడు. ఇక్కడ అమ్మ, నాయనమ్మ చెప్పింది ఎవరి పద్యం?

హ్యూస్టన్ నుంచి: మా ఇంటినుంచి బోమాంట్ గంటన్నర డ్రైవ్, మ్యూజియంకి పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్ళా. ఈ పద్యం అక్కడ ఎంత సరిపోతుందో మీకు తెలియాలి. అంతకుముందు తవ్వినవాళ్ళందర్నీ ఓడించింది ఇసుకే, జారిపోయే ఇసుక, బోరు వేస్తే పూడిపోయేది. చివరికి హామిల్ సోదరులు ఉత్త నీళ్ళ బదులు బురదనీళ్ళు బోరులోకి పంపి గోడ నిలబెట్టారు, ఆ బురద కోసం పశువుల్ని నీళ్ళ గుంటలో తోలి తొక్కించారని చెప్తారు. తమ్ముడూ, నీ ముసలి కాపరికి ఇంతకంటే మంచి పని ఉందా, ఆవులు తొక్కిన బురదతో ఇసుకలోంచి తైలం! 1901 జనవరి 10న వెయ్యి అడుగులు దాటాక తన్నుకొచ్చింది, రోజుకి లక్ష పీపాలు అని అంచనా, తొమ్మిది రోజుల దాకా మూత వెయ్యలేకపోయారు.

రెండో పాదం కూడా వాడు. చమురు ఎక్కువైపోయి పీపా మూడు సెంట్లకి పడిపోతే ఊళ్ళో మంచినీళ్ళు కప్పు అయిదు సెంట్లు అమ్మారట. ఇప్పుడు మ్యూజియం దగ్గర నమూనా డెరిక్ (చమురు బావి మీది చట్రం) పెట్టి అందులోంచి నీళ్ళు చిమ్మిస్తారు. మృగతృష్ణలో నీరు అనుకో.

అమలాపురం: తన్నుకొచ్చింది అన్నారు చూడండి, మా దగ్గర దానికి బ్లోఅవుట్ తప్ప ఇంకో మాట లేదు. 1995లో పాసర్లపూడి బావి రెండు నెలలు పైన మండింది, అప్పట్నుంచి చదువు రాని ముసలమ్మ కూడా బ్లోఅవుట్ అనే అంటుంది. బొమ్మలో ఆ మాట మాత్రం పెట్టకండి, మా వైపు పిల్లలకి అది నవ్వొచ్చే మాట కాదు.

బొమ్మల కథ: పెట్టనండి. "తన్నుకొచ్చింది" చాలు.

తేటగీతి: తైలం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తిలల నుంచి వచ్చింది తైలం, నువ్వుల నెయ్యి నూనె, రెండూ నువ్వుల్లోవే. ఇసుకని నువ్వుల్లా పిండినా నువ్వులనూనె రాదు, పద్యం బలమంతా అక్కడుంది. భూమిలోది తైలం కాదు, చమురు. కాబట్టి స్పిండిల్‌టాప్ ఈ పద్యాన్ని నిజం చెయ్యలేదు అని నా వాదన.

తెలుగు మాస్టారు: వంటాముదాన్ని తైలం అనరా? బాదం తైలం? వ్యుత్పత్తి పట్టుకుని కవిని బిగించకండి. "తీయవచ్చు" అన్నాడు, తీశారు.

తేటగీతి: "ఒకవేళ తీయగలిగినా" అని అర్థం మాస్టారూ. మూలంలో లభేత, విధిలిఙ్, అంటే జరిగితే జరగొచ్చు అని చెప్పే క్రియారూపం.

తెలుగు మాస్టారు: తెలుగులో "వచ్చు" విధిలిఙ్ కాదు. పిల్లాడికి "నువ్వు వెళ్ళవచ్చు" అంటే వాడు వెళ్తాడు.

హ్యూస్టన్ నుంచి: ఆ గుట్టని మోసాల వల్ల స్విండిల్‌టాప్ అని కూడా పిలిచారు. స్పిండిల్ అంటే కదురు. కదురుకీ మోసానికీ కలిపి తెలుగులో ఒక్క మాట ఎవరైనా కట్టగలరా?

ఒంగోలు: కదురుగుట్ట, కుదురులేని గుట్ట?

తేటగీతి: దగ్గరకొచ్చింది, కానీ మోసం ఎక్కడ?

బొమ్మల కథ: మరదలు "తివిరి" రాసేసింది, బెలూన్‌లో చోటు చాలక "యిసుమున" కింది లైన్‌కి పోయింది. మాస్టారూ, అలా పాదం విరిగితే పర్లేదా?