గేదె అడ్డొచ్చి వ్యాన్ ముందుభాగం దెబ్బతింది, వైజాగ్‌లో ఎవరైనా సాయం చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది వరంగల్. పడక, వంటగది అమర్చిన టెంపో ట్రావెలర్‌లో అమ్మానాన్నలతో అరకు బయల్దేరాం. తుని దాటాక, చీకటి పడే వేళ హైవే డివైడర్ మీద మేస్తున్న గేదెల్లో ఒకటి ఒక్కసారిగా ముందుకొచ్చేసింది. అది లేచి కుంటుకుంటూ పొలాల్లోకి వెళ్లిపోయింది, దాని సంగతి ఏమైందోనని అమ్మ ఇప్పటికీ బాధపడుతోంది.

బంపర్ లోపలికి పోయింది, ఏసీ కండెన్సర్ నలిగిపోయింది, రేడియేటర్ రెక్కల్లో గేదె వెంట్రుకలు ఇరుక్కుని పచ్చటి కూలెంట్ రోడ్డంతా కారింది. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి, చివరికి బండిని గాజువాక ఆటోనగర్‌కి చేర్చాం. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసుకెళ్లారు. షెడ్‌వాళ్లు మాత్రం ఎప్పుడు అడిగినా "పార్ట్ రేపు వస్తుంది సార్" అంటున్నారు. నాన్నగారి ఇన్సులిన్ బండి ఫ్రిజ్‌లోనే ఉండేది, ఇప్పుడు లాడ్జివాళ్లని బతిమాలి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టిస్తున్నాం. అదే పెద్ద టెన్షన్.

కొత్త రేడియేటర్ కోసం ఆగకుండా దాని కోర్ (లోపల గొట్టాలు, రెక్కలు ఉండే భాగం) మాత్రం మార్పిస్తే అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కకుండా ఉంటుందా? ఆ పని నమ్మకంగా చేసేవాళ్లు ఆటోనగర్‌లో ఎవరైనా తెలుసా? లోపలి కప్‌బోర్డులు కూడా ఊడాయి, వాటికి క్లెయిమ్ వచ్చినవాళ్లు ఉంటే ఏ కాగితాలు అడిగారో చెప్పండి. బంపర్ ముందు బుల్ గార్డ్ (ఇనుప కడ్డీల రక్షణ) పెట్టించమని కొందరంటున్నారు గానీ 2017లోనే కేంద్రం వాటిని వద్దంది కదా, అందుకే పెట్టించను. రాత్రిపూట ఈ రూట్లో తిరిగే డ్రైవర్ అన్నలు ఎక్కడెక్కడ పశువులు ఎక్కువో చెబితే మేలు చేసినవారవుతారు.